లాహోరు నుంచి అమృతసర్‌కు: ఒక నాటక సమాజం ప్రయాణం

లాహోరు నుంచి అమృతసర్‌కు దూరం యాభై కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి భువనగిరి ఎంతో ఇంచుమించు అంతే. మధ్యలో కొండ లేదు, సముద్రం లేదు, పడవెక్కి దాటవలసిన నది కూడా లేదు. పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు తిన్నగా రెండూళ్ళనూ కలుపుతుంది. విభజనకు ముందు ఒక ఊరివాళ్ళు పొద్దున్నే బయలుదేరి రెండో ఊళ్ళో పని చూసుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరేవారు. 1947 ఆగస్టు 17న రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దు గీత ప్రకటితమైంది. ఆ గీత ఈ రోడ్డును వాఘా అనే గ్రామం దగ్గర అడ్డంగా కోసింది. ఆ తరవాత ఈ యాభై కిలోమీటర్లూ దాటడానికి కొందరికి నెలలు పట్టింది. కొందరికి జీవితకాలం చాలలేదు.

ఈ రోడ్డుమీద పెట్టెలు, డోలకులు, వేషాల మూటలు పట్టుకుని ఎన్నోసార్లు ఇటు నడిచి వచ్చిన ఒక నాటక సమాజం గురించి ఈ ప్రత్యేక సంచికలో చెప్పదలచుకున్నాను. మన సభ్యులలో రంగస్థలం ఎక్కినవారు తక్కువేమీ కాదు. ఎన్జీవోల వార్షికోత్సవాల్లో, పరిషత్తుల పోటీల్లో పగలు ఫైళ్ళు చూసి రాత్రి రిహార్సలు చేసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. పరిషత్తుకు పొరుగు జిల్లా వెళ్ళాలంటే సెలవు మంజూరు కావడానికే మనకు తల ప్రాణం తోకకొచ్చేది. పొరుగు దేశం నాటకోత్సవానికి వెళ్ళేవాళ్ళ అవస్థ ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సమాజం పేరు 'అజోకా'. పంజాబీలో 'నేటిది', 'ఈనాటిది' అని అర్థం. స్థాపించినవారు మదీహా గౌహర్. 1956లో కరాచీలో పుట్టి, లాహోరు గవర్నమెంటు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, తరవాత లండనులో నాటక విద్య అభ్యసించారు. అప్పటికి పాకిస్తాన్‌లో జనరల్ జియా ఉల్ హక్ సైనిక పాలన సాగుతోంది. కోర్టులో ఆడవారి సాక్ష్యం విలువ తగ్గించే చట్టం రాబోతోందని 1983 ఫిబ్రవరిలో లాహోరు స్త్రీలు ఊరేగింపు తీశారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆ ఉద్యమాల్లో పాల్గొని మదీహా జైలుకు వెళ్ళారు. ప్రభుత్వ కళాశాలలో ఉన్న లెక్చరరు ఉద్యోగమూ పోయింది. అలా వీధిన పడ్డ మనిషి నాటకం పట్టుకున్నారు.

మొదటి నాటకం 1984లో వేశారు. హాలు దొరకలేదు. దొరికినా అనుమతి రాదు. ఇక్కడ ఒక పాత చట్టం సంగతి చెప్పుకోవాలి. 1876లో బ్రిటిషువాళ్ళు నాటక ప్రదర్శనల చట్టం చేశారు. ప్రభుత్వానికి గిట్టని నాటకాన్ని ఆపడానికి కలెక్టరు స్థాయి అధికారికి కూడా వీలు కల్పించిన చట్టం అది. తెల్లవాళ్ళు పోయినా చట్టం పోలేదు. పాకిస్తాన్ పంజాబులో నాటకం స్క్రిప్టుకు ముందుగా అనుమతి తీసుకోవడానికి అదే ఆధారమైంది. మనవైపూ దాన్ని దాచి ఉంచుకున్నాం. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన సంగతి మన తరంవాళ్ళకు తెలుసు. భారతదేశంలో ఆ 1876 చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసెయ్యడం 2018లో గాని జరగలేదు. నూట నలభై రెండేళ్ళు బతికిందన్నమాట. మన సర్వీసులో ఎన్ని సర్క్యులర్లు ఆర్నెల్లు తిరక్కుండా మురిగిపోయాయో తలచుకుంటే దాని ఆయుర్దాయానికి ఆశ్చర్యం కలుగుతుంది.

సరే, హాలు లేదు కనుక మదీహా తల్లి ఖదీజా గౌహర్ తమ ఇంటి ముందున్న పచ్చికబయలే రంగస్థలంగా ఇచ్చారు. తెర లేదు, టిక్కెట్టు లేదు. ఆడిన నాటకం పేరు 'జులూస్', అంటే ఊరేగింపు. రాసినవారు ఎవరనుకున్నారు? కలకత్తాకు చెందిన బాదల్ సర్కార్. వృత్తిరీత్యా నగర ప్రణాళికలు గీసే ఉద్యోగి. ఆఫీసు చేసుకుంటూనే నాటకాలు రాసి, ఖర్చులేని రంగస్థలం కావాలని, తెరలూ సెట్టింగులూ లేకుండా జనం మధ్యనే ఆడేలా ఒక పద్ధతి ఏర్పరిచారు. దాన్నే 'మూడో రంగస్థలం' అన్నారు. సైన్యం పాలిస్తున్న లాహోరులో హాలు దొరకని కుర్రవాళ్ళకు అంతకంటె పనికొచ్చే పద్ధతి మరొకటి లేదు. అంటే అజోకా మనుషులు ఇండియాకు రావడానికి ముందే ఇండియా నాటకం లాహోరు వెళ్ళింది. దానికి వీసా అడిగినవాళ్ళు లేరు.

తరవాత అజోకాకు ఆస్థాన రచయిత అనదగినవారు షాహిద్ నదీమ్. పుట్టింది 1947లో కాశ్మీరులోని సోపోర్‌లో. పెరిగింది పాకిస్తాన్‌లో. టెలివిజన్‌లో పనిచేశారు, జైలుకు వెళ్ళారు, కొంతకాలం లండనులో ప్రవాసం గడిపారు. మదీహాను వివాహమాడారు. ఆయన రాసేవారు, ఆవిడ ఆడించేవారు.

ఈ సమాజం సరిహద్దు దాటడానికి అంతగా ఎందుకు తాపత్రయపడింది, పుస్తకం అచ్చువేసి పంపితే సరిపోదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. సరిపోదు. నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం కూడా అదే. రెండు పంజాబులవాళ్ళూ మాట్లాడేది ఒకటే భాష. లిపులు వేరు. మనవైపు పంజాబీ గురుముఖి లిపిలో రాస్తారు. అటువైపు ఉర్దూ అక్షరాలతో కుడినుంచి ఎడమకు రాస్తారు. దాన్ని షాముఖి అంటారు. విభజన తరవాత పుట్టిన తరాలకు ఒకరి అక్షరం మరొకరికి రాదు. లాహోరులో అచ్చయిన నాటకం అమృతసర్ కుర్రవాడి చేతికిస్తే వాడికి గీతలు కనిపిస్తాయి తప్ప మాటలు కనిపించవు. అదే నాటకం ఎదురుగా ఆడితే ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమవుతుంది, నవ్వవలసినచోట నవ్వుతాడు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం మాత్రమే చదువుకున్న మనవాళ్ళను చూసినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. వాళ్ళకు తెలుగు పత్రిక పంపితే ప్రయోజనం లేదు, హరికథ చెబితే ఉంది. కాబట్టి పంజాబు నాటకానికి మనిషే దాటాలి. మనిషి ఆగిపోతే నాటకం ఆగిపోయినట్టే.

మనిషి దాటడం ఎలా ఉండేదో ఇప్పుడు చూద్దాం. ఉద్యోగరీత్యా కాగితాలమధ్య బతికినవాళ్ళం కనుక ఈ భాగం కొంచెం వివరంగా రాస్తున్నాను, విసుక్కోకండి.

లాహోరువాడికి ఇండియా వీసా లాహోరులో ఇచ్చేవారు కాదు. ఇస్లామాబాదులోని భారత హైకమిషనుకు దరఖాస్తు వెళ్ళవలసి వచ్చేది. అంటే తూర్పుగా యాభై కిలోమీటర్లు పోవడానికి ముందు వాయవ్యంగా సుమారు మూడువందల డెబ్బై అయిదు కిలోమీటర్లు పోవాలి. పక్కింటికి వెళ్ళడానికి ఊరంతా చుట్టిరావడమంటే ఇదే. పిలిచినవారి ఆహ్వానపత్రం కావాలి. అక్కడినుంచి కాగితాలు ఢిల్లీలో విచారణకు వెళ్ళేవి. ఇచ్చే వీసా దేశానికి కాదు, ఊరికి. అమృతసర్ అని రాసి ఉంటే అమృతసరే. పక్కనున్న జలంధర్‌లో ఎవరో ముచ్చటపడి మా ఊళ్ళో కూడా ఒక ఆట వెయ్యండి అంటే వీల్లేదు. ఏ దారిన వచ్చారో ఆ దారినే తిరిగి వెళ్ళాలి. దిగిన ఇరవైనాలుగు గంటల్లో పోలీసు స్టేషనుకు వెళ్ళి వచ్చామని చెప్పాలి, వెళ్ళేముందు వెళుతున్నామని చెప్పాలి. మనం ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. వాళ్ళు దిగిన ప్రతి ఊళ్ళోనూ ఉన్నామని ఒకసారి, పోతున్నామని ఒకసారి ఇచ్చుకోవాలి. మనవాళ్ళు అటు వెళ్ళినా నియమాలు ఇంచుమించు ఇవే. కొందరికి మాత్రమే మినహాయింపు ఉండేది.

సమాజంలో ఇరవైమంది ఉంటే ఇరవై పాస్‌పోర్టులు. పందొమ్మిది వీసాలు వచ్చి ఒకటి రాకపోతే? ఆ ఒక్కటీ నాయకుడి వేషం వేసేవాడిదో, డోలకు వాయించేవాడిదో అయితే? ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టే. పరిషత్తు రోజుల్లో ఆఖరి క్షణాన హార్మోనిస్టు రాక గుండె జారిపోయిన అనుభవం ఉన్నవారికి ఈ బాధ తెలుస్తుంది.

ఇక దాటే రోజు. లాహోరు నుంచి బస్సులోనో వ్యానులోనో పాతిక కిలోమీటర్లు వస్తే వాఘా. అక్కడ దిగాలి. పాస్‌పోర్టు ముద్ర, కస్టమ్స్ తనిఖీ. నాటకం సామాను ఎలాంటిదో మనకు తెలుసు. రాజు కిరీటం, ఫకీరు బొంత, చెక్క కత్తి, పెట్టుడు గడ్డం, మద్దెల, లైట్లు. ప్రతి వస్తువునూ జాబితాలో రాయాలి, ఆ జాబితా ప్రకారమే తిరిగి తీసుకుపోవాలి. తరవాత సామాను కూలీల తలకెత్తుతారు. ఒక్కో దేశం కూలీలకు ఒక్కో రంగు చొక్కా. చాలా ఏళ్ళు లారీలు గీత దాటేవి కావు. గీత దగ్గర ఇటు కూలీ, అటు కూలీ ఎదురెదురుగా నిలబడి ఈ తలమీంచి ఆ తలమీదికి మూట మార్చుకునేవారు. కాళ్ళు మాత్రం గీత దాటేవి కావు. లారీలను నేరుగా పోనివ్వడం 2007లో మొదలైంది. నాటకంవాళ్ళు నడిచే దాటాలి. ఇవతల అట్టారీలో మళ్ళీ ముద్ర, మళ్ళీ తనిఖీ, మళ్ళీ జాబితా. అక్కడినుంచి అమృతసర్ ముప్ఫై కిలోమీటర్ల లోపే.

ఇదంతా సాయంత్రంలోగా ముగియాలి. ఎందుకంటే 1959 నుంచి ఆ గేటు దగ్గర సూర్యాస్తమయ వేళ జెండాలు దించే కవాతు జరుగుతూ వచ్చింది. తురాయి తలపాగాలు పెట్టుకున్న సిపాయిలు మోకాలు నుదుటికి తగిలేటట్టు కాళ్ళెత్తి నేలను తన్నుతారు, మీసం మెలేస్తారు, గేటు దడాలున వేస్తారు. చూడడానికి రెండువైపులా గ్యాలరీలు, వేలకొద్దీ జనం, ఈలలు, చప్పట్లు. నిజం చెప్పాలంటే ఆ ప్రాంతంలో అంత ప్రేక్షకాదరణ ఉన్న ప్రదర్శన మరొకటి లేదు. అజోకావాళ్ళు ఆ ఆట మొదలుకాకముందే తమ ఆట సామాను దాటించుకోవాలి.

ఇప్పుడు ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెబుతాను. నా దృష్టిలో అజోకా చేసిన పనుల్లో ఇదే గొప్పది.

అక్క జోహ్రా, చెల్లెలు ఉజ్రా. రాంపూరు పఠాన్ కుటుంబంవారు. జోహ్రా 1912లో సహారన్‌పూర్‌లో పుట్టి లాహోరు క్వీన్ మేరీ కాలేజీలో చదివారు. 1930 ప్రాంతంలో మేనమామ వెంట లాహోరు నుంచి కారులో బయలుదేరి, ఇరాన్, పాలస్తీనా, డమాస్కస్ మీదుగా ఈజిప్టు చేరి, అలెగ్జాండ్రియాలో ఓడ ఎక్కి ఐరోపా వెళ్ళి, జర్మనీలో నాట్యం నేర్చారు. మహమ్మదీయ కుటుంబంలోని కన్నెపిల్ల ఆ రోజుల్లో లాహోరు నుంచి మధ్యధరా సముద్రందాకా నేలదారిన వెళ్ళిందంటే ఆలోచించండి. అప్పట్లో లాహోరు నుంచి అమృతసర్ వెళ్ళడం ప్రయాణంలో లెక్క కూడా కాదు. తరవాత ఉదయశంకర్ బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. సహ నర్తకుడు కామేశ్వర్ సెహగల్‌ను 1942లో పెళ్ళాడి, ఇద్దరూ లాహోరులో నాట్య పాఠశాల పెట్టారు. మతోద్రిక్తతలు ముదరడంతో విభజనకు ముందే లాహోరు విడిచి బొంబాయి చేరారు.

బొంబాయిలో చెల్లెలు ఉజ్రా అప్పటికే పృథ్వీరాజ్ కపూర్ నడిపే పృథ్వీ థియేటర్‌లో కథానాయిక. అక్క కూడా అందులో చేరారు. పృథ్వీ థియేటర్ 1945లో 'దీవార్' అనే నాటకం వేసింది. దీవార్ అంటే గోడ. బయటినుంచి వచ్చినవాళ్ళు దుర్బోధ చేయగా అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ కట్టుకునే కథ. రెండేళ్ళు తిరక్కుండా దేశానికే ఆ గోడ లేచింది. ఉజ్రా 1964లో భర్తతో పాకిస్తాన్ వెళ్ళిపోయి రావల్పిండిలో స్థిరపడ్డారు. అక్కడ ఆడవాళ్ళ రంగస్థలం నామమాత్రం. బొంబాయిలో వందలాది ఆటలాడిన నటి ఇరవయ్యేళ్ళు మొహానికి రంగు వేసుకోలేదు. ఆవిడను తిరిగి వేదిక ఎక్కించినది అజోకా.

1993లో షాహిద్ నదీమ్ ఈ ఇద్దరికోసమే 'ఏక్ థీ నానీ', అంటే 'అనగనగా ఒక అమ్మమ్మ' అనే నాటకం రాశారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకరు ఇండియాలో నటిగా బతికినావిడ, రెండోవారు పాకిస్తాన్ వెళ్ళి ఆట మానుకున్నావిడ. మధ్యలో నాట్యం నేర్చుకోవాలని తహతహలాడే మనవరాలు. వేషం వేసుకోవడమే గాని అభినయించవలసింది తక్కువ, అది వాళ్ళ సొంత కథే. జోహ్రా సెహగల్ లాహోరు వెళ్ళారు. తనకు ఒకప్పుడు ఇల్లూ బడీ ఉన్న ఊరికి విదేశీయురాలిగా వెళ్ళి, చెల్లెలి పక్కన నిలబడి ఆడారు. అప్పటికి అక్కకు ఎనభై ఒకటి, చెల్లెలికి డెబ్బై ఆరు. తరవాత ఈ నాటకాన్ని భారతదేశంలోనూ ఆడారు. ఈసారి చెల్లెలు ఇటు వచ్చారు. మనలో అరవై దాటగానే మెట్లెక్కలేమంటూ సభలకు రానివాళ్ళు ఈ వయస్సులు మరొకసారి చదవమని మనవి. ఉజ్రా 2010లో తొంభై మూడేళ్ళకు పోయారు. జోహ్రాకు అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. 2014లో నూట రెండేళ్ళు నిండాక కన్నుమూశారు.

అజోకా ఇటువైపు ఎక్కువగా ఆడిన నాటకాల్లో 'బుల్లా' ఒకటి. బుల్లేషా పద్దెనిమిదో శతాబ్దపు సూఫీ కవి. మన వేమన లాగా కులాన్నీ ఆడంబరాన్నీ ఎద్దేవా చేసినవాడు. పుట్టుకకు సయ్యదు, గురువుగా ఎంచుకున్నది తోటపని చేసుకునే కులంవాడిని. బంధువులు వెలివేసినంత పనిచేశారు. గురువు అలిగితే ఆడదాని వేషంలో నాట్యం చేసి మెప్పించాడని కథ. చనిపోయినప్పుడు ముల్లాలు శ్మశానంలో చోటివ్వలేదని కూడా చెబుతారు. ఆయన సమాధి ఉన్న కసూరు పాకిస్తాన్‌లో సరిహద్దుకు చాలా దగ్గర. సిక్కులు, హిందువులు, ముస్లిములు అందరూ ఆయన పాటలు పాడతారు. 2001లో తయారైన ఈ నాటకం భారత పంజాబు ఊళ్ళలో ఆడినప్పుడు ప్రేక్షకులకు కొత్తగా చెప్పవలసిందేమీ ఉండేది కాదు. కవి వాళ్ళవాడే. ఇన్నాళ్ళూ సమాధి అటుండిపోయిందంతే.

అమృతసర్‌లో కేవల్ ధాలివాల్ అనే దర్శకుడు నడిపే 'మంచ్ రంగమంచ్' సమాజం వీళ్ళకు ఇటువైపు ఇల్లులాంటిది. రెండు సమాజాలూ కలిసి 'పంజ్ పానీ' పేరుతో నాటకోత్సవాలు జరిపాయి. పంజ్ పానీ అంటే అయిదు నీళ్ళు, పంచనదులు. పంజాబు అనే పేరుకూ అర్థం అదే. వీళ్ళు అటు వెళ్ళడం, వాళ్ళు ఇటు రావడం. ఒక పొరుగు కంపెనీ వచ్చి ఆడి వెళ్ళిపోతే ఏం మిగులుతుందంటారా? 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమహేంద్రవరం వచ్చి హిందీ నాటకాలు ఆడి వెళ్ళింది. వాళ్ళు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకం ఆడించారు. మన తెలుగు రంగస్థలం ప్రదర్శన చరిత్ర అక్కడినుంచే లెక్కపెడతారు. అప్పుడు ధార్వాడవాళ్ళను గోదావరి గట్టున ఆపి ఏ ఊరికి వీసా ఉందని ఎవరైనా అడిగి ఉంటే ఏమయ్యేదో!

ఈ దారి ఎప్పుడూ మూసి ఉండేదని అనుకోకూడదు. 1955 జనవరి చివర లాహోరులో భారత పాకిస్తాన్ క్రికెట్ టెస్టు జరిగితే వేలమంది మనవాళ్ళు వాఘా దాటి వెళ్ళి ఆట చూసి వచ్చారు. 1965 యుద్ధంతో బిగిసిపోయింది. 1976లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైలు, 1999లో వాజ్‌పేయిగారు ఎక్కి వెళ్ళిన ఢిల్లీ లాహోరు బస్సు, 2006లో అమృతసర్ లాహోరు బస్సు వచ్చాయి. మధ్యలో పార్లమెంటుమీద దాడి తరవాత 2002 జనవరి నుంచి బస్సూ రైలూ ఆగిపోయాయి. బస్సు 2003లో, రైలు 2004లో మళ్ళీ నడిచాయి. తెరవడానికి ఏళ్ళు, మూయడానికి ఒక పూట. నాటకంవాళ్ళు ఆ తెరిచిన కిటికీల్లోంచే దూరి వచ్చేవారు.

2013 జనవరి సంగతి మాత్రం కొంత ఆగి చెప్పుకోవాలి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఏటా జరిపే భారత్ రంగ్ మహోత్సవ్‌కు అది పదిహేనో ఏడు. కథకుడు సాదత్ హసన్ మంటో శతజయంతి గడిచిన సందర్భం కావడంతో ఆయనకు సంబంధించిన నాటకాలకు పెద్దపీట వేశారు. మంటో లూధియానా జిల్లాలో పుట్టి, అమృతసర్‌లో చదివి, బొంబాయిలో సినిమాలకు రాసి, 1948లో లాహోరు వెళ్ళి, 1955లో అక్కడే నలభై రెండేళ్ళకు పోయాడు. అశ్లీలం రాశాడని విభజనకు ముందు మూడుసార్లు, తరవాత పాకిస్తాన్‌లో మూడుసార్లు కేసులు పెట్టారు. ఆయన 'టోబా టేక్ సింగ్' కథ మన ఉద్యోగులు చదవవలసినది. ఆస్తులూ ఖైదీలూ పంచుకున్నాక రెండు ప్రభుత్వాలూ పిచ్చాసుపత్రుల్లోని పిచ్చివాళ్ళను కూడా మతం ప్రకారం మార్చుకోవాలని నిర్ణయిస్తాయి. కాన్ఫరెన్సులు, ఉత్తర్వులు, జాబితాలు అన్నీ పద్ధతి ప్రకారం జరిగిపోతాయి. తన ఊరు ఏ దేశంలో ఉందో చెప్పమని అడిగే ఒక ముసలి పిచ్చివాడికి మాత్రం ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. వాఘా దగ్గర అతను ఎటూ కదలనంటాడు.

ఆ మంటో మీద అజోకా వేసిన నాటకం 'కౌన్ హై యే గుస్తాఖ్', అంటే 'ఎవడీ పొగరుబోతు' అని. ఆ ఉత్సవానికి పిలుపు వచ్చింది. కరాచీ నుంచి 'మంటోరామా' అనే మరో నాటకానికీ పిలుపు ఉంది. జనవరి 8న సరిహద్దులో ఇద్దరు భారత సైనికులను చంపారు, ఒకరి తల నరికారు. దేశం అట్టుడికింది. అది సహజం, తప్పుపట్టవలసిన పని లేదు. ఆడడానికి వచ్చిన తొమ్మిదిమంది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళను తిరిగి పంపేశారు. రెండు నాటకాలనూ ఉత్సవం నుంచి తొలగించారు. అజోకావాళ్ళు నిరుత్సాహపడి వెళ్ళిపోవలసినదే. అయితే ఢిల్లీలోనే గోపాల్ శర్మన్, జలబాలా వైద్య దంపతులు నడిపిన 'అక్షర' అనే చిన్న రంగశాల ఉంది. శర్మన్‌గారు స్వయంగా చెక్కపని చేసి కట్టుకున్నది. వాళ్ళు తలుపు తీసి మా దగ్గర ఆడండి అన్నారు. మంటో నాటకం అక్కడ ఆడింది. పిచ్చివాళ్ళ మార్పిడి కథ రాసినవాడి నాటకానికి ఇంతకంటె తగిన చిక్కు ఎవరూ కల్పించలేరు.

అదే వారంలో మన వయస్సువాళ్ళకు సంబంధించిన మరో సంగతి జరిగింది, పత్రికల్లో చాలామంది చూడలేదు. 2012 సెప్టెంబరులో రెండు దేశాలూ కొత్త వీసా ఒప్పందం చేసుకున్నాయి. అరవై అయిదేళ్ళు దాటినవారికి ముందుగా వీసా అక్కరలేదు, అట్టారీ గేటు దగ్గరికి వస్తే అక్కడే నలభై అయిదు రోజులకు ఇస్తారు, పోలీసు స్టేషను చుట్టూ తిరగనక్కరలేదు అని అందులో ఉంది. విభజనలో ఇల్లు వదిలిన తరం చచ్చిపోకముందు ఒకసారి పుట్టినూరు చూసుకోవడానికి పెట్టిన నిబంధన అది. 2013 జనవరి 15న అమలు కావాలి. ఆ రోజే నిలిపివేశారు. నాటకం మరో హాలు వెతుక్కుంది. ఆ ముసలివాళ్ళకు మరో గేటు లేదు.

మదీహా గౌహర్ 2018 ఏప్రిల్ 25న క్యాన్సర్‌తో లాహోరులో మరణించారు, అరవై ఒక్క ఏళ్ళు. 2019 ఆగస్టులో సంఝౌతా రైలూ బస్సులూ ఆగాయి, వ్యాపారం ఆగింది, మూటలు మోసే అట్టారీ కూలీలకు చాలావరకు పని పోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్‌గాంలో పర్యాటకులను కాల్చిచంపిన తరవాత అట్టారీ చెక్‌పోస్టు మూసివేస్తున్నట్టు మన ప్రభుత్వం ప్రకటించింది. వాఘా తలుపు వాళ్ళూ వేశారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఏటా మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవానికి ఒక నాటక ప్రముఖునిచేత సందేశం రాయిస్తారు. 2020లో ఆ గౌరవం షాహిద్ నదీమ్‌కు దక్కింది. కరోనా వల్ల ఆ రోజున లోకంలో దాదాపు నాటకశాలలన్నీ మూతబడి ఉన్నాయి. ఆ సందేశంలో ఆయన బుల్లేషా నాటకం ఆడినప్పటి ఒక ఘటన చెప్పారు. ఆట అయిపోయాక ఒక ముసలాయన చిన్న పిల్లవాడిని వెంటబెట్టుకుని బుల్లేషా వేషం వేసిన నటుడి దగ్గరికి వచ్చాడట. మనవడికి ఒంట్లో బాగాలేదు, దీవించి ఊదమని అడిగాడట. నటుడు కంగారుపడి, తాను బుల్లేషాను కానని, వేషం వేసిన నటుణ్ణి మాత్రమేనని చెప్పాడు. కృష్ణుడి వేషానికి హారతులిచ్చిన మన పల్లెల్లో ఇలాంటివి మనమూ చూశాం, మన నటులు చాలామంది నవ్వుతూ అక్షింతలు వేసేసేవారు. ఆ ముసలాయన మాత్రం ఏడుస్తూ, నువ్వు నటుడివి కావు నాయనా, ఆయన అవతారానివి అన్నాడట.